చుట్టుదారిని నడిపించు దేవుడు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 13:17, 18, ద్వితీయోపదేశకాండము 8:2–4, లూకా 9:51–56, హెబ్రీయులకు 12:1, 2



కొంతకాలము క్రిందట శ్రమల కాలపు కూటములలో వాక్యము చెప్పుటకు జంషెడ్‌పూరునకు వెళ్లియుంటిని. జార్ఖండ్ రాష్ట్రములోని ఆ ఉక్కు పట్టణములో మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. శ్రీకాకుళము, విశాఖపట్నము, గంజాము ప్రాంతములనుండి కర్మాగారములలో పని వెదకుకొనుచు వచ్చినవారి మనుమలు, మునిమనుమలు వారు. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, పొరుగున బెంగాలీ, సంతాలీ; ఇన్ని భాషల నడుమను ఆదివారమున తెలుగు బైబిలు చేతపట్టుకొని మందిరమునకు వచ్చువారిని చూచుట నాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

నాకు బస ఇచ్చినవారు సువర్ణరేఖ నదికి ఆవలనున్న మాంగో అను పేటలో కాపురముందురు. ఆ యింటి కుమారునికి ఇరువదియారేండ్లు. ప్రతి ఉదయము పరుగెత్తుట అతని అలవాటు. వైద్యుని ఆజ్ఞచేత నేనును కొన్ని సంవత్సరములుగా మెల్లమెల్లగా పరుగెత్తుట నేర్చుకొన్నవాడను. నా పరుగును చూచినవారు దానిని త్వరితపు నడక అందురేగాని పరుగు అనరు. అయినను అతడు, “అయ్యగారూ, రేపు ఉదయం డిమ్నా సరస్సుదాకా వెళ్లి వద్దామా? రానుపోను పద్దెనిమిది కిలోమీటర్లు. మీరు అలిసిపోతే నడుద్దాం” అని పిలువగా కాదనలేకపోతిని.

ఇంకను చీకటి విడువకముందే బయలుదేరితిమి. జాతీయ రహదారి దాటిన పిమ్మట పట్టణపు సందడి వెనుకబడి, ఎదుట దల్మా కొండలు కనబడెను. అది మార్చి మాసము. ఆకులన్నియు రాల్చుకొన్న మోదుగ చెట్లు కొమ్మ కొమ్మకు నిప్పు ముట్టించినట్లు పూచియుండెను. మోషే చూచిన పొద జ్ఞాపకమునకు వచ్చినది. ఇప్పచెట్ల క్రింద రాత్రి రాలిన పూవులను గిరిజన స్త్రీలు బుట్టలలోనికి ఏరుకొనుచుండిరి. ఆ పూవుల తీపి వాసన దారి పొడుగునను మాతో వచ్చినది. “ఇంత అందమైన దారి ఉండగా నీవు పట్టణపు వీధులలో ఏల పరుగెత్తుచుందువు?” అని నేనడుగగా అతడు నవ్వి ఊరకుండెను.

అయితే మేము తలంచిన దారి మాకు దక్కలేదు. కొంత దూరము పోగానే మోరీ కట్టుటకై రోడ్డును అడ్డముగా త్రవ్వియుండిరి. పొలముల గట్లమీదుగా చుట్టు తిరిగి మరల రోడ్డెక్కితిమి. సరస్సు దగ్గర పడినదని సంతోషించునంతలో ఇప్పపూలు ఏరుకొను స్త్రీ యొకతె చేయెత్తి మమ్మును ఆపినది. ముందు మలుపులో ఏనుగులు దిగియున్నవనియు, వాటితో పిల్ల కూడ ఉన్నదనియు, ఆ వైపు వెళ్లవద్దనియు చెప్పినది. దల్మా అడవి ఏనుగులకు నివాసము. రాలిన ఇప్పపూలు వాటికి ప్రియమైన ఆహారము. మేము మారు మాటాడక ఆమె చూపిన కాలిబాట పట్టితిమి. ఆ బాట మమ్మును ఒక గుట్ట చుట్టును త్రిప్పి, మట్టి గోడలకు రంగులతో చిత్రములు వ్రాసిన ఒక సంతాలుల పల్లెలోనికి తెచ్చినది. అక్కడ ఒక వృద్ధురాలు, మేమెవరమని అడుగకయే, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చినది. నా కాళ్లు వాచియుండెను. పద్దెనిమిది అనుకొన్న దారి ఇరువదియైదైనను ముగియునట్లు లేదు.

ఒక చెట్టు నీడను కూర్చుండియుండగా ఆ చిన్నవాడు ఉన్నట్టుండి ఇట్లనెను: “అయ్యగారూ, నా బతుకు కూడా ఇలాగే ఉందండి. డిప్లొమా పూర్తిచేశాను. పరీక్ష మూడుసార్లు రాశాను, మూడుసార్లూ పోయింది. చిన్న కంపెనీలో చేరాను. 2020లో అది మూతపడింది. నా తోటివాళ్లంతా స్థిరపడ్డారు. నేనే ఇంకా చుట్టూ తిరుగుతున్నాను. దేవుడే నన్ను తిప్పుతున్నాడా, లేక నేనే దారి తప్పానా?”

నేను జవాబు చెప్పకమునుపే అతడు తల వంచుకొని మరియొక మాట చెప్పెను. ఒక మధ్యవర్తి మూడు లక్షల రూపాయలు ఇచ్చినయెడల ఉద్యోగము ఇప్పించెదనని మాట యిచ్చెనట. ఇతరుని పేరు జాబితానుండి తొలగించి ఇతని పేరు చేర్తురట. తల్లి తన గాజులు అమ్ముటకు సిద్ధపడెను. మరునాటికి జవాబు చెప్పవలెను.

చదువరులారా, వేదాంతశాస్త్రములో పట్టము పుచ్చుకొన్నవాడను గనుక నాకు మాటలకు కొదువ లేదు. కాని ఆ చెట్టు క్రింద నేను త్వరపడి మాటలాడలేకపోతిని. దానికి కారణము కలదు. నేను పరిచర్యలోనికి క్రొత్తగా వచ్చిన దినములలో, జ్వరముతో బిడ్డను పోగొట్టుకొన్న ఒక తల్లి యింటికి వెళ్లి, “అమ్మా, ఇది కూడ దేవుని ప్రణాళికయే” అని చెప్పితిని. ఆమె కొంగు ముఖముమీదికి లాగుకొని లోపలికి వెళ్లిపోయినది. ఆమె మరల నాతో మాటలాడలేదు. నేను చెప్పినది దేవుని గూర్చిన మాటయే. కాని దేవుడు నాకిచ్చిన మాట కాదు. ఆ దినము మొదలుకొని ఎవరి చుట్టుదారిని గూర్చియైనను మాటలాడవలసి వచ్చినప్పుడు నాకు భయము కలుగుచున్నది. కావున తిరిగి నడచి వచ్చునప్పుడు అతనితో చెప్పిన సంగతులనే, కొంత విస్తరించి, భయముతోనే ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదటిది: దేవుడే త్రిప్పిన చుట్టుదారి కలదు.

ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడిచినప్పుడు కనానునకు దగ్గరి దారి లేకపోలేదు. సముద్రతీరము వెంట ఫిలిష్తీయుల దేశము మీదుగా పోవు బాట అందరికిని తెలిసినదే. దేవుడు ఆ దారిని విడిచి, అరణ్యముగుండ ఎఱ్ఱసముద్రము వైపు వారిని మళ్లించెను. హెబ్రీ మూలములో ఇక్కడ ‘సాబబ్’ అను ధాతువు కలదు. చుట్టు తిరుగుట, మలుపు తీసికొనుట అని దాని భావము. ఇక్కడ అది, తామంతట తాము తిరిగిరని కాక, దేవుడు వారిని తిరుగజేసెనను రూపములో ఉన్నది. కారణము కూడ లేఖనమే తెలుపుచున్నది: యుద్ధము ఎదురైనయెడల జనులు మనస్సు మార్చుకొని వెనుకకు పోవుదురేమోయని ప్రభువు ఎరుగును. నాలుగు వందల యేండ్లు ఇటుకలు చేసిన చేతులు కత్తి పట్టజాలవు. దగ్గరి దారిలోనున్న ఏనుగులు వారికి కనబడలేదు, ఆయనకు కనబడినవి.

అయితే ఒక సంగతి గమనింపుడి. ఆ కారణము మనకు చెప్పబడినది. ఆనాడు నడచినవారికి చెప్పబడినట్లు లేఖనములో కనబడదు. వారికి చెప్పబడినది కారణము కాదు, వారికి ఇయ్యబడినది తోడు. పగలు మేఘస్తంభము, రాత్రి అగ్నిస్తంభము వారి యెదుటనుండి తొలగలేదు. చుట్టుదారిలోనున్నవానికి దేవుడు సాధారణముగా ఇచ్చునది పటము కాదు, తన సన్నిధియే.

ఈ పట్టణపు చరిత్రయే ఒక చుట్టుదారి కథ. 1882లో చాందా జిల్లాలోని ఇనుమును గూర్చిన నివేదిక చదివిన నాటనుండి జంషెట్జీ టాటాగారు భారతదేశములో ఉక్కు కర్మాగారము స్థాపింపవలెనని తలంచిరి. ఇరువది సంవత్సరముల తరువాత అక్కడ వెదకిన నిపుణులు ఆ స్థలము పనికిరాదని తేల్చిరి. ఆ సంగతి తెలుపుటకై నాగపురమునకు వెళ్లిన ఆయన కుమారుడు దొరాబ్జీ, అధికారికొరకు వేచియుండిన సమయమున, అక్కడి ప్రదర్శనశాలలో ఒక పటము చూచెను. అందులో దుర్గ్ జిల్లాలో ఇనుము సూచింపబడియుండెను. వెళ్లి చూడగా ఢల్లీ, రాజ్‌హరా కొండలు ఇనుముతో నిండియుండెను. కాని సమీపమున తగినంత నీరును, తగిన బొగ్గును లేవు. రెండవ దారియు మూసికొనిపోయినది. 1904 ఫిబ్రవరిలో మయూర్‌భంజ్ సంస్థానములో పనిచేయుచుండిన భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసుగారు గోరుమహిసాని కొండలలోని ఇనుమును గూర్చి జాబు వ్రాసిరి. ఆ సంవత్సరము మే మాసములోనే జంషెట్జీ జర్మనీ దేశములో మరణించిరి. 1907లో సంస్థ ఏర్పడినది. సీనీ అను చోటు మొదట తలంపులో ఉండెను. తుదకు సువర్ణరేఖయు ఖర్కాయియు కలియు చోటికి దగ్గరనున్న సాక్చీ అను చిన్న పల్లె ఎన్నికయైనది. 1912 ఫిబ్రవరిలో అక్కడ మొదటి ఉక్కు తయారైనది. 1919లో ఆ ఊరికి, దానిని కన్నులార చూడని మనుష్యుని పేరు పెట్టబడినది.

ఇందులో నాకు మిక్కిలి ప్రియమైన భాగము మరియొకటి. అప్పుడు విడువబడిన రాజ్‌హరా కొండలు వ్యర్థము కాలేదు. 1959లో ఉత్పత్తి ప్రారంభించిన భిలాయి ఉక్కు కర్మాగారమునకు ఇనుమునిచ్చినవి ఆ కొండలే. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో పౌలు ఆసియలో వాక్యము చెప్పకుండ పరిశుద్ధాత్మ ఆటంకపరచెను. బితూనియకు పోవుటకును సెలవు దొరకలేదు. రెండు తలుపులు మూయబడిన పిమ్మట త్రోయలో ఒక రాత్రి దర్శనము కలిగెను, సువార్త మాసిదోనియకు దాటెను. అయితే అదే పౌలు 19వ అధ్యాయములో ఆసియకు ముఖ్య పట్టణమైన ఎఫెసులో రెండు సంవత్సరములు బోధించెను. దేవుడు మూసిన ప్రతి తలుపును ఎల్లకాలము మూయలేదు. “ఇప్పుడు కాదు” అనుటను “ఎన్నడును కాదు” అని మనము తర్జుమా చేసికొనుచున్నాము. భాషాంతరీకరణము చేయువాడను గనుక ఈ పొరపాటు ఎంత సులభమో నేనెరుగుదును.

రెండవది: మనమే తెచ్చుకొన్న చుట్టుదారి కలదు.

ప్రతి మలుపును దేవునిమీద మోపుట భక్తి కాదు. యోనా తర్షీషునకు పోవుటకు తన సొంత సొమ్ముతో కేవు చెల్లించెను. ఇశ్రాయేలీయుల సంగతి ఇంకను ఘోరము. ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయము రెండవ వచనములో హోరేబునుండి కాదేషు బర్నేయకు పదకొండు దినముల ప్రయాణమని వ్రాయబడియున్నది. పదకొండు దినముల ప్రయాణముతో చేరదగిన దేశపు సరిహద్దునకు వచ్చిన జనులు నలువది సంవత్సరములు అరణ్యములో తిరిగిరి. మొదటి మలుపు దేవుని కరుణ. రెండవ మలుపు వారి అవిశ్వాసము. అదే అరణ్యము, అదే జనము, కాని కారణములు వేరు. కావున చుట్టుదారిలోనున్నవాడు ఒకసారి నిలిచి, “ప్రభువా, ఇందులో నా భాగమేమైన కలదా?” అని అడుగుట మంచిది. ఆ చిన్నవాడు ఒప్పుకొన్నాడు: మూడు పరీక్షలలో ఒకదానికి అతడు సరిగా చదువలేదు. ఆ మాట చెప్పిన తరువాత అతని భుజములు కొంత తేలికపడినట్లు నాకు తోచినది.

అయినను, ఆ నలువది సంవత్సరములను గూర్చి మోషే చెప్పిన మాట ఎంత ఆశ్చర్యకరమైనది! వారి వస్త్రములు పాతగిలలేదట. వారి పాదములు వాయలేదట. ఆ పల్లెలో వాచిన కాళ్లతో కూర్చుండియున్న నాకు ఆ వచనము మునుపెన్నడును లేనంత దగ్గరగా వచ్చినది. అది దేవుడు కోరిన దారి కాదు. జనుల తిరుగుబాటువలన వచ్చిన దారి. ఆ దారిలో కూడ ఆయన వారి పాదములను చూచుచుండెను. మన తప్పువలన కలిగిన చుట్టుదారిలోను ఆయన మనలను ఒంటరిగా నడువనీయడు. పశ్చాత్తాపపడినవానికి ఆ నలువది సంవత్సరములు నష్టము మాత్రమే కాదు, పాఠశాల కూడ.

మూడవది: ఇతరుల అన్యాయమువలన కలుగు చుట్టుదారి కలదు.

యోసేపు గుంటలో పడుట దేవుని ఆజ్ఞచేత కాదు, అన్నల అసూయచేత. చెరసాలలో నుండుట ఒక స్త్రీ పలికిన అబద్ధముచేత. మరి రెండు సంవత్సరములు అక్కడనే మిగిలిపోవుట పానదాయకుని మరపుచేత. లేఖనము వీటిని మంచి కార్యములని పిలువదు. చివరకు యోసేపు తన సహోదరులతో, మీరు కీడు తలపెట్టితిరి గాని దేవుడు దానిని మేలుగా మార్చెనను భావము వచ్చునట్లు పలికెను. ఆ సాక్ష్యము ఎవరు పలికిరో, ఎప్పుడు పలికిరో ఆలోచింపుడి. గాయపడినవాడే పలికెను, ఎవరును బలవంతపెట్టకుండ, ఎన్నో సంవత్సరముల తరువాత పలికెను. గుంట అంచున నిలువబడి లోపలనున్న యోసేపుతో ఎవరైనను ఆ మాట చెప్పియుండినయెడల అది సువార్త కాకపోయియుండును. మరియొక రాయి విసరుటయే. ఆ తల్లి యింటిలో నేను చేసినది అదియే. గుంటలోనున్నవానికి కావలసినది వ్యాఖ్యానము కాదు, త్రాడు. త్రాడు లేనియెడల, అంచున కూర్చుండి వానితోకూడ ఏడ్చువాడు. ఆ వృద్ధురాలు మా ప్రయాణమును గూర్చి ఏమియు వివరింపలేదు. నీళ్లిచ్చినది.

ఇక ఒక ప్రశ్న మిగిలియున్నది. చుట్టుదారి చివరను తప్పక బహుమానము ఉండునా? స్కాట్లండు దేశస్థుడైన ఎరిక్ లిడ్డెల్‌ను అనేకులు ఎరుగుదురు. 1924లో పారిస్ ఒలింపిక్ పందెములలో నూరు మీటర్ల తొలి పోటీలు ఆదివారమున రాగా అతడు పరుగెత్తనని చెప్పి, తనకు అంతగా అలవాటు లేని నాలుగు వందల మీటర్ల పందెములో పరుగెత్తి 47.6 సెకండ్లలో బంగారు పతకము గెలిచెను. ప్రసంగములలో మనము కథను తరచుగా అక్కడనే ముగించుచున్నాము. కాని అతడు మరుసటి సంవత్సరము మిషనెరీగా చైనాకు వెళ్లెను. యుద్ధకాలమున జపానువారి నిర్బంధ శిబిరములో ఉంచబడెను. 1945 ఫిబ్రవరి 21న, విడుదల కొన్ని మాసముల దూరములోనే యుండగా, మెదడులోని కంతివలన అక్కడనే మరణించెను. ఒక మలుపు చివరను పతకము, మరియొక మలుపు చివరను సమాధి. రెండింటిలోను నడిపించిన ప్రభువు ఒక్కడే. బహుమానము చూచి దారి మంచిదని నిర్ణయించువాడు ఆ శిబిరమును ఎన్నటికిని గ్రహింపజాలడు.

మరి దారి మంచిదని దేనిచేత ఎరుగుదుము? ఆ చిన్నవాని అసలు ప్రశ్న ఇదియే. మరునాడు అతడు చెప్పవలసిన జవాబు దీనిమీదనే ఆధారపడియుండెను. ఇక్కడ మనము ప్రభువైన యేసువైపు చూడవలెను.

లూకా 9వ అధ్యాయములో ప్రభువు యెరూషలేమునకు వెళ్లుటకు తన ముఖమును స్థిరపరచుకొనెను. అంతలోనే సమరయుల గ్రామమొకటి ఆయనను చేర్చుకొనలేదు. దారి మూయబడినది. శిష్యులు ఆకాశమునుండి అగ్ని రప్పింతుమా అని అడిగిరి. అది కూడ ఒక దారియే: అడ్డమైనవారిని కాల్చివేసి నేరుగా పోవు దారి. ప్రభువు వారిని గద్దించి వేరొక గ్రామమునకు వెళ్లెను. అనగా, లోకరక్షకుడు సిలువకు పోవు మార్గములో చుట్టు తిరిగెను! మార్కు 5వ అధ్యాయములో యాయీరు ఇంటికి త్వరపడి పోవుచుండగా, పండ్రెండేండ్లనుండి రోగముతోనున్న ఒక స్త్రీకొరకు ఆయన నిలిచెను. ఆ ఆలస్యములో పండ్రెండేండ్ల చిన్నది మరణించెను. అయినను ప్రభువు చేరవలసిన చోటికి చేరెను, చేయవలసిన పని చేసెను. దారిలో ఆయనకు ఎదురైనవారు ఆటంకములు కారు, కుమార్తెలు.

అయితే ఆయన నిరాకరించిన దారి ఒకటి కలదు. అరణ్యములో శోధకుడు లోకరాజ్యములన్నిటిని చూపి, ఒక్కసారి సాగిలపడినయెడల ఇవన్నియు నీవే అనెను. సిలువ లేదు, ముండ్లు లేవు, గెత్సేమనే లేదు. ఎంత దగ్గరి దారి! ప్రభువు దానిని త్రోసివేసెను.

ప్రియులారా, మన భాషలో చుట్టుదారి, అడ్డదారి అను రెండు మాటలున్నవి. దేవుడు తన ప్రజలకు చుట్టుదారి చూపును. శోధకుడు అడ్డదారి చూపును. చుట్టుదారిలో దారి మారును గాని గమ్యము మారదు. అడ్డదారిలో దారి తగ్గును గాని గమ్యము మారిపోవును. ప్రభువు వేరొక గ్రామముగుండ పోయినను చేరినది యెరూషలేమే. ఆ కొండమీద సాగిలపడియుండినయెడల రాజ్యములు దొరికియుండును గాని, ఆయన మనలను విమోచించు రాజు అయియుండడు. మూడు లక్షలిచ్చి చేరినవాడు ఉద్యోగమునకు చేరును. కాని ఏ యథార్థమైన జీవితముకొరకు ఆ ఉద్యోగమును కోరెనో, ఆ జీవితమునకు చేరడు. జాబితానుండి తొలగింపబడిన ఆ పేరు గలవాడును ఒక తల్లికి కుమారుడే. అతనిని క్రొత్త చుట్టుదారిలోనికి నెట్టినది మన సొమ్మే అగును. యోసేపు అన్నల చేతిలోని ఇరువది వెండి నాణెములకును దీనికిని భేదమేమి?

హెబ్రీ పత్రిక రచయిత, మన యెదుట ఉంచబడిన పందెమును గూర్చి వ్రాయుచున్నాడు. మనము ఎంచుకొన్న పందెము అనలేదు, ఉంచబడినది అనెను. దానిలో పరుగెత్తుటకు కావలసినది వేగము అనలేదు, ‘హుపొమొనే’ అనెను. మనము ఓర్పు అని పలుకు ఆ గ్రీకు మాటకు మూలార్థము, బరువు క్రింద నుండి తొలగక నిలిచియుండుట. ఇంకొక మాట కూడ ఆ పత్రికలో ఉన్నది. 6వ అధ్యాయము 20వ వచనములో యేసుప్రభువునకు ‘ప్రోద్రొమొస్’ అను పేరు ఇయ్యబడినది. మన తెలుగు గ్రంథములో మనకంటె ముందు లోపలికి వెళ్లినవాడను భావము కనబడును. అది సరియైనదే, కాని మూలపదములో పరుగు ఉన్నది. ముందు పరుగెత్తువాడు అని దాని అర్థము. ఎన్ని చిత్తుప్రతులు వ్రాసినను ఆ పరుగును తెలుగులో చక్కగా దింపలేకపోతిని. ఆ ఉదయము దానిని కన్నులతో చూచితిని: కాలిబాట తెలియని నాకు ముందుగా ఆ చిన్నవాడు పరుగెత్తి, మలుపు దగ్గర నిలిచి, “రండి అయ్యగారూ, ఇటు దారి ఉంది” అని పిలుచుచుండెను. మన ప్రభువు గమ్యమునొద్ద గడియారము పట్టుకొని నిలిచియున్న న్యాయాధిపతి మాత్రమే కాడు. మనము పోవలసిన ప్రతి మలుపును ముందుగా పరుగెత్తి, మరణపు మలుపును కూడ దాటి, అక్కడనుండి పిలుచువాడు.

ఎండ ముదిరిన పిమ్మట సరస్సు చేరితిమి. దల్మా కొండల నీడ నీటిలో పడియుండెను. మేము వచ్చిన చుట్టుదారి అక్కడనుండి కనబడలేదు, కొండ అడ్డమైనది. ఆ దారి ఎందుకు అట్లు తిరిగెనో తెలిసినది మాత్రము మమ్మును ఆపిన ఆ స్త్రీకే. ఇంటికి తిరిగి వచ్చుటకు ఒక ఆటోను పిలుచుకొంటిమని ఒప్పుకొనుటకు నాకు సిగ్గు లేదు.

ఆ రాత్రి భోజనమైన తరువాత అతడు తల్లితో, “అమ్మా, గాజులు లోపల పెట్టు” అనెను. ఆమె చాలసేపు మాటలాడలేదు. “మరి ఎలారా?” అని మాత్రము అడిగినది. అతనియొద్ద జవాబు లేదు. నాయొద్దను లేదు. ముగ్గురము మోకాళ్లూనితిమి. ఆమె ప్రార్థించునప్పుడు ఆమె చేతి గాజులు మెల్లగా చప్పుడు చేయుచుండెను.

కొన్ని మాసముల తరువాత అతనియొద్దనుండి జాబు వచ్చినది. కోరిన ఉద్యోగము ఇంకను రాలేదు. ఒక చిన్న వర్క్‌షాపులో తక్కువ జీతమునకు పనిచేయుచున్నాడు. మరల పరీక్షకు చదువుచున్నాడు, ఈసారి సరిగా. కొన్ని రాత్రులు తల్లి నిద్రపోదట. అప్పుడు తనకు సందేహము కలుగునట. చివరను ఒక మాట వ్రాసెను: ఆదివారము తప్ప ప్రతి ఉదయము ఆ పల్లె మీదుగానే పరుగెత్తుచున్నాడట, ఇప్పుడు ఆ వృద్ధురాలికి ఇతడే బావినుండి నీళ్లు తోడి ఇచ్చుచున్నాడట.

నేను ఈ ప్రసంగమును విజయముతో ముగింపలేను. అతని దారి ఇంకను తిరుగుచునే ఉన్నది. చదువరులారా, మీలో కొందరి దారియు అట్లే యుండవచ్చును. మీ చుట్టుదారి దేవుడు త్రిప్పినదైతే, మేఘస్తంభమును చూచి నడువుడి. మీరు తెచ్చుకొన్నదైతే, ఒప్పుకొని నడువుడి; ఆయన మీ పాదములను చూచుచున్నాడు. ఇతరులు మీమీద మోపినదైతే, దానిని మేలని పిలువవలసిన తొందర మీకు లేదు, ఏడ్చుచునే నడువుడి. ఏదైనను, అడ్డదారి మాత్రము పట్టకుడి. దారిలో నీళ్లడుగువారు కనబడినయెడల నిలువుడి.

ప్రార్థన: మాకు ముందుగా పరుగెత్తిన ప్రభువా, మా దారి మాకు తెలియని చోట్ల నీవు తెలిసియుండుటయే మాకు చాలునట్లు చేయుము. దగ్గరి దారిలో మాకు కనబడని అపాయములనుండి తప్పించినందుకు నీకు స్తోత్రము. అలసిన పాదములను బలపరచుము, గుంటలోనున్నవారియొద్ద మౌనముగా కూర్చుండుటకు మాకు నేర్పుము, గమ్యము చేరువరకు మమ్మును విడువకుము. ఆమేన్.